రాటుదేలిన ఉక్కు ఎంత బరువు మోయును?

ట్రాక్టరు, ట్రాలీ, నూర్పిడి యంత్రముల బేరింగులను గూర్చి సిద్దిపేట జిల్లా రైతులకు ఒక పాఠము

సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక, హుస్నాబాద్ ప్రాంతములలో నేడు దుక్కి మొదలు నూర్పిడి వరకు యంత్రము లేని పని తక్కువ. యంత్రము కొనునప్పుడు మనము ఇంజను బలమును, టైర్లను, వెలను విచారింతుము. కాని ట్రాలీలో నింపిన వడ్ల బరువంతయు చివరకు పడునది చక్రపు నడుమనున్న చిన్న బేరింగులపైననే. కోతల నడుమ అది పెచ్చులూడినచో పని నిలిచిపోవును. రోడ్డుమీద పరుగెత్తు ట్రాలీలో అది బిగిసి చక్రము ఊడినచో మనుష్యుల ప్రాణములకే ముప్పు కలుగును.

బేరింగులను గూర్చి గ్రామములలో ఒక మాట వినవచ్చును. "కొత్త బేరింగు కొన్నాళ్ళు తిరిగినచో రాటుదేలును. తరువాత ఎంత బరువు వేసినను తట్టుకొనును" అని కొందరందురు. ఈ మాటలో మొదటి భాగము నిజము. రెండవ భాగము నిజము కాదు. ఉక్కు పనిలో ఎట్లు గట్టిపడునో, ఆ గట్టిదనము ఎంతవరకు మేలుచేయునో, ఎచ్చట కీడుగా మారునో తెలిసికొన్నచో బేరింగు ఆయుస్సును చాలవరకు మన చేతిలో ఉంచుకొనవచ్చును.

1. రాటుదేలుట యననేమి?

పార పట్టిన చేతికి కొన్ని దినములలో కాయలు కాయును. చర్మము దళసరియై తరువాతి ఒరపిడికి తట్టుకొనును. కాని ఒక్కదినమే మితిమీరి త్రవ్వినచో కాయ కాయదు; బొబ్బ లేచి చర్మము ఊడును. ఉక్కు ప్రాణము లేని వస్తువే యైనను దానియందును దీనికి పోలిక గల మార్పు కలదు.

దీనిని మీరే పరీక్షించి చూడవచ్చును. ఇంటి కప్పు వేయునప్పుడు సలాకలను కట్టుటకు వాడు మెత్తని నల్ల తీగెను ఒక ముక్క తీసికొనుడు. దానిని ఒకచోట వంచి, మరల సరిచేయ ప్రయత్నింపుడు. వంగిన చోటు సరిగా సాపు కాదు. దాని ప్రక్కనున్న మెత్తని భాగమే ముందుగా వంగును. వంగిన చోట లోహము గట్టిపడుటయే ఇందుకు కారణము. అదే చోట మరల మరల వంచినచో కొంతసేపటికి పుటుక్కున తెగును. గట్టిపడుట, పిదప తెగుట అను రెండును ఒకే తీగెలో మీకు కనబడును.

లోహము చిన్న చిన్న రవలతో కూడియుండును. ఒక్కొక్క రవలో అణువులు వరుసలు తీరియుండును. లోహము శాశ్వతముగా వంగినప్పుడు ఈ వరుసలు ఒకదానిపై నొకటి జారును. జారిన కొలది ఆ జారుళ్ళు ఒకదానికొకటి అడ్డుపడి, చిక్కుపడిన పగ్గములవలె కదలక నిలుచును. కావున మరల వంచుటకు ఎక్కువ బలము కావలెను. దీనినే పని వలన గట్టిపడుట లేక రాటుదేలుట అనుచున్నాము.

మన పనివారు దీనిని చాలకాలము నుండి ఎరుగుదురు. సిద్దిపేటకు పొరుగుననున్న జనగామ జిల్లా పెంబర్తి ఇత్తడి పనికి పేరుపొందినది. ఇత్తడి రేకును చల్లగా కొట్టిన కొలది గట్టిపడి, ఇంకను కొట్టినచో పగులును. అందుచేత పనివారు నడుమ నడుమ రేకును నిప్పులో కాల్చి మెత్తపరచి మరల కొట్టుదురు. నాగలి కర్రును కమ్మరి ఎర్రగా కాల్చి సాగగొట్టునప్పుడు మాత్రము ఈ గట్టిదనము నిలువదు. ఆ వేడిలో చిక్కులు అప్పటికప్పుడే విడిపోవును.

ఇచ్చట ఒక భేదమును గుర్తుంచుకొనవలెను. కాల్చి చల్లార్చుటవలన వచ్చు గట్టిదనము పదును. చల్లగా నున్నప్పుడు దెబ్బ వలన గాని, ఒత్తిడి వలన గాని వచ్చు గట్టిదనము రాటు. బేరింగులకు సాధారణముగా వాడు ఉక్కులో సుమారు 1 శాతము కర్బనము, 1.5 శాతము క్రోమియము ఉండును. దానిని కర్మాగారముననే పదును పెట్టుదురు. తిరుగునప్పుడు వచ్చు రాటు ఆ పదునుపై కొద్దిగా చేరునది మాత్రమే.

2. గోళీ క్రింద ఏమి జరుగును?

గుండ్రని గోళీ రింగును తాకునది చాలా చిన్నచోట. బరువు తక్కువయైనను ఆ చోటు అత్యల్పమగుటచే ఒత్తిడి అపారముగా నుండును. ట్రాక్టరు టైరు నేలను అదుము ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు ఒకటి రెండు కిలోలు. భారముపడిన బేరింగులో గోళీ రింగును అదుము ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 15 టన్నులు కూడ ఉండవచ్చును. ఇట్లు రెండు గుండ్రని వస్తువులు తాకుచోట ఒత్తిడి ఎంతయని లెక్కగట్టు పద్ధతిని జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హైన్రిక్ హెర్ట్‌జ్ 1881లో కనుగొనెను. నేటికిని ఆ లెక్కయే ఆధారము.

కందెన బాగుగా నున్నప్పుడు ఉక్కును కోయునట్టి బలము అన్నిటికంటె ఎక్కువగా నుండునది పైన కాదు. పైపొరకు కొంచెము లోపల, మిల్లీమీటరులో కొన్ని పదవ వంతుల లోతున ఉండును. బరువైన యంత్రములు తిరిగిన చేనులో పైమన్ను గుల్లగా కనబడుచు, లోపల గట్టి పొర ఏర్పడుట మీరు చూచియుందురు. బేరింగులోను మార్పు కంటికి కనబడని లోతుననే మొదలగును.

ఆ లోతున మలినపు రవ్వయో, లోహదోషమో ఉన్నచో అచ్చట సన్నని బీట పుట్టును. గోళీ ప్రతిసారి దొర్లినప్పుడు ఆ బీట కొంచెము కొంచెముగా పెరిగి, చివరకు పైకి వచ్చి చిన్న పెచ్చు ఊడును. ఇంత బరువు ఒక్కసారి మోసినచో ఉక్కుకు ఏమియు కాదు. లక్షలసార్లు మోయుటచేతనే ఇట్లగును. కావున దీనికి అలసట యని పేరు. తాకుచోట కలుగునది గనుక స్పర్శ అలసట యని చెప్పవచ్చును.

3. రాటుదేలుట వలన మేలు

మొదట కొంతసేపు దొర్లినప్పుడు గోళీ దారిలోని ఉక్కు అతిస్వల్పముగా నలుగును. దీనివలన రెండు మేళ్ళు కలుగును. మొదటిది, నలిగిన పొర గట్టిపడి ఇకమీద అంత సులభముగా నలుగదు. రెండవది, నలిగిన పొర వెడల్పునకు సాగజూచును; చుట్టునున్న ఉక్కు దానిని సాగనీయదు. అందుచే ఆ పొర ఎల్లప్పుడును అదుముడు బిగువులో ఉండిపోవును. బండి చక్రమునకు ఇనుప పట్టాను కాల్చి ఎక్కించి నీరు పోసినప్పుడు, పట్టా ముడుచుకొని కొయ్య ముక్కలను బిగించి అతుకులు విడిపోకుండ చేయును గదా. ఈ అదుముడు బిగువును అట్లే బీటలు తెరచుకొనకుండ పట్టియుంచును.

రోలరు దొర్లుచోట, కందెన బాగుండినచో, ఈ అదుముడు బిగువొక్కటియే ఉక్కు నలగక తట్టుకొను ఒత్తిడి హద్దును సుమారు 30 శాతము పెంచునని లెక్కవలన తేలుచున్నది. అయితే దీనిని చూచి బరువు పెంచరాదు. తయారీదారు పరీక్షించి నిర్ణయించిన బరువులో ఈ లాభము ఇదివరకే కలిసియున్నది.

ఈ గుణమును కర్మాగారములలో కావలెనని కలిగింతురు. గేరు పళ్ళపై చిన్న ఉక్కు గుండ్లను వేగముగా వర్షమువలె కొట్టింతురు. ప్రతి గుండు ఒక సన్నని నొక్కు చేయును. అన్నియు కలిసి పైపొరను గట్టిపరచి అదుముడు బిగువును నింపును. అమెరికాలోని నాసా సంస్థవారు పదును పెట్టిన గేర్లపై చేసిన పరీక్షలలో, గుండ్లతో కొట్టిన గేర్లు గుంటలు పడుటకు ముందు మామూలు గేర్లకంటె 1.6 రెట్లు ఎక్కువకాలము పనిచేసినవి.

కంకర క్రషరులో రాళ్ళను నలుగగొట్టు పలకలను చూడుడు. అవి సాధారణముగా 12 లేక 13 శాతము మాంగనీసు గల ఉక్కుతో చేయబడును. దీనిని ఇంగ్లండులో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ 1882లో కనిపెట్టెను. కొత్తగా నున్నప్పుడు బ్రినెల్ కొలతలో దాని గట్టిదనము సుమారు 200 మాత్రమే. రాతి దెబ్బలు తినగా తినగా పైపొర 500 వరకును గట్టిపడవచ్చును. లోపలి భాగము సాగు గుణము కలిగియుండుటచే పలక పగులక నిలుచును.

4. మేలు కీడుగా మారు హద్దు

తీగెను గుర్తుకు తెచ్చుకొనుడు. గట్టిపడిన కొలది దాని సాగుగుణము ఖర్చగుచున్నది. ఆ మూలధనము అయిపోయిన పిదప అది వంగదు, తెగును. బేరింగు విషయమును ఇంతే. బరువు హద్దులో ఉన్నచో మొదటి నలుగుడు త్వరలో ఆగిపోవును. తరువాత చాలకాలము ఉక్కులో మార్పు మెల్లగా మాత్రమే జరుగును. బరువు హద్దు దాటినచో నలుగుడు ఆగదు. ప్రతి చుట్టుకును ఇంచుక నలుగుచు, సాగుగుణమును తినివేయుచు, బీటలకు దారితీయును. చివరి దశలో గోళీ దారి క్రింది ఉక్కు కట్టుబడియే మారి, గట్టిదనము తగ్గి, పెచ్చులూడును.

దీనికి పెద్ద ఉదాహరణ రైలు పట్టాలలో దొరుకును. మనోహరాబాద్ – కొత్తపల్లి మార్గములో సిద్దిపేటకు 2023 అక్టోబరులో రైలు వచ్చినది. రైలుచక్రము పట్టాను తాకు చోటు ఒక చిన్న నాణెమంత మాత్రమే. చక్రములు దొర్లగా దొర్లగా పట్టా పైపొర రాటుదేలి కొత్త పట్టాకంటె గట్టిపడును, అరుగుదల తగ్గును. కాని వంపులలో చక్రము దొర్లుటతోపాటు జారును కూడ. ఆ లాగుడుకు పైపొర ప్రతిసారి కొద్దిగా సాగి, సాగగల శక్తి తీరినచోట ఏటవాలు బీటలు పుట్టును. బీటలో నీరు చేరినచో చక్రపు ఒత్తిడికి అది మరింత లోపలికి చీల్చును.

ఇంగ్లండులోని హాట్‌ఫీల్డ్ వద్ద 2000 అక్టోబరు 17న ఇట్టి బీటలు గల పట్టా రైలు క్రింద ముక్కలు ముక్కలుగా పగిలినది. నలుగురు మరణించిరి. పట్టా ముక్కలు 300కు పైగా లభించినవి. ఇట్టి ప్రమాదమును నివారించుటకు బీటలు లోతుకు పోకముందే రాటుదేలిన పైపొరను సానబట్టి తీసివేయుదురు. బేరింగును సానబట్టి వాడుట మన చేతిలో లేదు. కావున హద్దు దాటకుండుటయే మనకు మార్గము.

5. బరువు లెక్క

గోళీ బేరింగు ఆయుస్సు బరువు యొక్క ఘనమును బట్టి తగ్గును. దీని అర్థమిది:

బరువు పావువంతు పెరిగినచో ఆయుస్సు సుమారు సగమగును.
బరువు రెట్టింపైనచో ఆయుస్సు ఎనిమిదవ వంతగును.

ట్రాలీ చక్రములలో తరచు ఉండు రోలరు బేరింగులకు నష్టము ఇంకను ఎక్కువ. వానిపై బరువు రెట్టింపైనచో ఆయుస్సు సుమారు పదవ వంతునకు దిగును. స్వీడను దేశస్థులగు లుండ్‌బెర్గ్, పాల్మ్‌గ్రెన్ అనువారు 1947లో ప్రకటించిన సిద్ధాంతముపై నేటి లెక్కలు ఆధారపడియున్నవి.

నాలుగు ట్రిప్పుల వడ్లను మూడు ట్రిప్పులలో తోలినచో ఒక ట్రిప్పు డీజిలు మిగులును. కాని ప్రతి ట్రిప్పులో బరువు మూడవ వంతు పెరుగును. బేరింగు తిరుగవలసిన చుట్లు నాలుగింట మూడు వంతులైనను, దాని ఆయుస్సు సగముకంటె తక్కువకు దిగును. మిగిలినదేది, పోయినదేది మీరే లెక్కవేసికొనుడు.

మరియొక సంగతి. తయారీదారు చెప్పు ఆయుస్సు నూటికి 90 బేరింగులు దాటునట్టి ఆయుస్సు. మిగిలిన 10 అంతకు ముందే చెడవచ్చును. కావున కొత్తదని నమ్మి పరీక్ష మానరాదు.

6. కందెన లేనిచోట రాటు నిలువదు

శుభ్రమైన కందెన గోళీకిని రింగుకును నడుమ పలుచని పొరగా నిలిచి లోహము లోహమును తాకకుండ చేయును. కందెన చెడినచో ఒరపిడి పెరిగి, లోపల ఉండవలసిన బలము పైపొరకు వచ్చును. అప్పుడు పైన చెప్పిన హద్దు బాగా తగ్గిపోవును. అదే బరువు అధిక బరువగును.

మన జిల్లాలో దీనికి ముఖ్యకారణము బురద. వరికి దమ్ము చేయునప్పుడు, అనగా కరిగెట దున్నునప్పుడు, ట్రాక్టరు ముందు చక్రముల నడుములు నీటిలో మునుగును. సీలు అరిగియున్నచో నీరు, ఇసుక లోపలికి పోవును. ఇసుక రేణువు గోళీ క్రిందపడి గుంట చేయును. ఆ గుంట అంచులవద్ద ఉక్కు అడ్డదిడ్డముగా గట్టిపడి, బీటకు పుట్టినిల్లగును. నీరు తుప్పు పట్టించుటయే గాక బీటలను త్వరగా పెంచును.

గ్రీజు పెట్టు గడువు యంత్రముతో వచ్చిన పుస్తకమున ఉండును. బురదలో పనిచేసిన దినములలో మాత్రము, గ్రీజు నిపిల్ గల చోట్ల ప్రతిదినము పాత గ్రీజు బయటికి వచ్చువరకు కొత్తది ఎక్కింపవలెను. నిపిల్‌ను ముందు గుడ్డతో తుడువవలెను. లేనిచో బురదనే లోపలికి నెట్టినట్లగును. కడుగునప్పుడు నీటి ధారను సీళ్ళపైకి సూటిగా కొట్టరాదు. విద్యుత్ మోటారు బేరింగులలో మాత్రము గ్రీజు క్రిక్కిరియ నింపరాదు. ఖాళీ స్థలములో మూడవ వంతు నుండి సగము వరకు చాలును. ఎక్కువైనచో వేడెక్కును.

7. సుత్తి దెబ్బ, వెల్డింగు

కర్మాగారమున గుండ్లతో కొట్టి గట్టిపరతురు గదా, మనము సుత్తితో కొట్టిన నష్టమేమి యని అడుగవచ్చును. అచ్చట గుండు పరిమాణము, వేగము, లోతు అన్నియు లెక్కప్రకారము ఉండి, పొర అంతయు సమానముగా గట్టిపడును. సుత్తి దెబ్బ ఒకచోట పడును. పదును పెట్టిన రింగు గాజువలె పెళుసైనది. పగులవచ్చును, ముక్క ఎగిరి కంటికి తగులవచ్చును. పగులకున్నను దెబ్బ గోళీల గుండా పోయి, ఒక్కొక్క గోళీ క్రింద ఒక్కొక్క నొక్కు పడును. ఆ బేరింగు మొదటిదినము నుండియే గరగరలాడును. కావున బిగించునప్పుడు ఈ నియమములను పాటింపుడు.

(1) ఇరుసుపై బిగువుగా ఎక్కు బేరింగును లోపలి రింగును మాత్రమే నెట్టవలెను. గూటిలో బిగువుగా కూర్చుండు బేరింగును వెలుపలి రింగును మాత్రమే నెట్టవలెను. ఒక రింగును నెట్టి, గోళీల మీదుగా రెండవ రింగును ఎక్కింపరాదు.

(2) ప్రెస్సు లేనిచోట, రింగు కొలతకు సరిపోవు మెత్తని ఇనుప గొట్టమును రింగు చుట్టును ఆనునట్లు పెట్టి మెల్లగా దింపవలెను.

(3) వేడిచేసి ఎక్కింపవలసివచ్చినచో శుభ్రమైన నూనెలో వేడిచేయవలెను. 120 డిగ్రీల సెంటీగ్రేడు మించరాదు. సీళ్ళు మూసిన బేరింగును నూనెలో ముంచరాదు. గ్యాసు మంట ఎన్నడును పెట్టరాదు, పదును పోవును.

(4) ట్రాలీకి గాని, రోటవేటరుకు గాని వెల్డింగు చేయించునప్పుడు ఎర్తు క్లాంపును వెల్డింగు చేయు భాగమునకే దగ్గరగా తగిలింపవలెను. కరెంటు బేరింగు గుండా పోయినచో గోళీలు తాకుచోట ఉక్కు కరిగి గుంటలు పడును. ఆ నష్టము నెలల తరువాత గాని తెలియదు.

(5) పాత బేరింగుపై ఉన్న సంఖ్యను చూపి అదే సంఖ్య గల నికార్సైన సరుకు కొనవలెను. రోలరు బేరింగులో కప్పును, కోనును జతగానే మార్చవలెను. గుంటలుపడిన పాత కప్పులో కొత్త రోలర్లు కొద్దికాలముననే చెడును.

8. చెడుటకు ముందు గుర్తులు

ప్రతి పంటకాలమునకు ముందు ట్రాలీని, ట్రాక్టరు ముందు చక్రములను పరీక్షింపుడు. మిగిలిన చక్రములకు రాళ్ళు అడ్డము పెట్టి, జాకీతో ఎత్తి, క్రింద గట్టి దిమ్మె ఆనించిన పిదపనే చేయి పెట్టవలెను. కేవలము జాకీని నమ్మి క్రిందికి దూరరాదు.

చక్రమును చేతితో త్రిప్పినప్పుడు మెత్తగా తిరుగవలెను. గరగర చప్పుడు వచ్చినను, చేతికి అదురు తగిలినను పెచ్చులూడుట మొదలైనదని అర్థము. చక్రమును పైన, క్రింద పట్టి ఊపినప్పుడు ఎక్కువ ఆట ఉన్నచో సరిచేయింపవలెను. ప్రయాణమైన వెంటనే చక్రపు నడుము ఒకటి మిగిలిన వానికంటె ఎక్కువ వేడిగా నుండినచో అనుమానింపవలెను. విప్పిన గ్రీజును వ్రేళ్ళ నడుమ నలిపి చూడుడు. మెరయు పొడి, రేకులు కనబడినచో ఆ బేరింగు ఆయుస్సు తీరినదే. పెచ్చు ఒకసారి ఊడిన పిదప గ్రీజు ఎంత పెట్టినను అది తిరిగి మొలవదు. ఊడిన ముక్కలే మిగిలిన గోళీలను నలుగగొట్టును.

పై సంగతులనుబట్టి మీరు జ్ఞాపకముంచుకొనవలసినది ఇది. పనిలో ఉక్కుకు వచ్చు రాటు మంచిదే. అది బేరింగును కాపాడును. కాని అది కొత్త బరువు మోయుటకు వచ్చిన బలము కాదు. ఉన్న బరువును ఎక్కువకాలము మోయుటకు వచ్చిన బలము. తగిన బరువు, శుభ్రమైన కందెన, సుత్తి తగులని బిగింపు ఉన్నచో ఆ బలము నిలుచును. ఈ మూడింటిలో ఏది తప్పినను ఎంత మేలైన బేరింగును నిలువదు. వచ్చు కోతలకు ముందే ఒకదినము కేటాయించి మీ ట్రాలీ చక్రములను ఎత్తి త్రిప్పి చూడుడు. గరగర వినబడిన బేరింగును ఆ దినముననే మార్పింపుడు.